భూమన్న చలికాలపు బండి

బండ్లన్నీ వాటంతటవే నడిచే రోజులవి. అలాంటి రోజుల్లో, ఆదిలాబాద్ చలిలో, భూమన్న పాత పెట్రోలు మోటార్ సైకిలును షెడ్డులో విప్పుకొని కూర్చున్నాడు. భార్య నర్సుబాయి కుంపటి తెచ్చి పెట్టేది, తిట్టేది, మళ్లీ చాయ్ తెచ్చేది.

"నీ పెయ్యంత వణుకుతున్నది. గీ వయసుల బండెక్కి యాడ వడ్తవో!"

"ఇన్నేండ్లల్ల ఎన్నడన్న వడ్డనా?"

"ఎన్నడన్న నడిపితె గద, వడనీకి!"

నిజమే. ఆ బండి మీద ఊరంతా పాలు పోసొచ్చింది నర్సుబాయే. భూమన్న వెనక కూర్చొని క్యాన్లు పట్టుకునేవాడు.

"పొగ వస్తోంది, తలుపు తెరవండి," అని షెడ్డులో పక్కనే ఉన్న వాళ్ల సొంత కారు మొత్తుకునేది. "నువ్వు నోర్మూసుకో," అని ఇద్దరూ ఒక్కసారే కసిరేవారు.

చలి తగ్గాక, ఊరి చివరిదాకా పెట్రోలు బండిని ఒక్కసారి నడుపుకోవడానికి అధికారుల అనుమతి దొరికింది. బండి వాకిట్లోకి వచ్చేసరికి నర్సుబాయి పరుగెత్తుకొచ్చింది.

"ఎక్కకు, నీ కాళ్లు మొక్కుత," అంటూ అడ్డం పోయింది.

"నేనెక్కుత అని ఎవలన్నరే? నాకు ఎనుక ఇంత జాగియ్యి, సాలు."

అప్పుడు చూసిందామె. సీటు బెత్తెడు కిందికి దిగి ఉంది. వెనకటికి ఈ బండి ఆపినప్పుడల్లా ఆమెకు కాలివేళ్లే నేలకు అందేవి.

నర్సుబాయి కొంగు నడుముకు చుట్టి ఎక్కి కూర్చుంది. రెండు పాదాలూ నిండుగా నేలకు ఆనాయి.

"గట్టిగ వట్టుకో," అంది. "ఇది మన కారు లెక్క కాదు. నేనెటు తిప్పితె అటే వోతది."