చుక్కతోకకు కోరలు

"ఇక్కడొక్క సంతకం పెట్టండి సార్, మిగతాది నేను చూసుకుంటాను," అన్నాడు లాయరు, ఫిర్యాదు కాగితాన్ని బొమ్మల బల్ల మీదికి జరుపుతూ. పెద్దాయన బొమ్మల పుస్తకాల ప్రచురణకర్తే అతన్ని పంపాడు.

పెద్దాయన పెన్ను అందుకోలేదు. లాయరు ఫోనులో చూపించిన బొమ్మనే చూస్తున్నాడు. ఏళ్ల తరబడి పిల్లల్ని నవ్వించిన ఆయన ఉడుత చుక్కతోక, ఇప్పుడు ఇంతేసి కోరలతో తన నేస్తం తాబేలును డిప్పతో సహా నమిలేస్తోంది. ఎవరో పేరు చెప్పని అభిమాని వారానికొకటి ఇలాంటివి గీసి నెట్‌లో పెడుతున్నాడు.

"వాడి చేతులు పడిపోనూ!" అంది ఆయన భార్య, టీ కప్పులు బల్ల మీద పెడుతూ. ఆయన గీసిన ఉడుతకు ఇన్నాళ్లూ రంగులద్ది, తోకకు చుక్క పెట్టింది ఆమే. కోపం రాదూ మరి?

"ఛ, అంత మాటనకు," అన్నాడు పెద్దాయన గబుక్కున. "ఆ చేతులు చల్లగా ఉండాలి."

లాయరు తెల్లబోయాడు. "మీ పేరు మంటగలుపుతున్నాడు సార్!"

"చుక్కతోక బొమ్మలు వేసే పత్రిక మూతపడ్డాక నేను కుంచె ముట్టలేదు బాబూ. మంచానికి అతుక్కుపోయాను. ఈవిడ బతిమాలితేనే నాలుగు మెతుకులు. అలాంటివాణ్ని ఆ మొదటి బొమ్మ చూడగానే ఒళ్లు మండి లేచి కూర్చున్నాను. నా ఉడుతకు కోరలా! అవి ముల్లంగి ముక్కలనీ, నాటకంలో వేషమనీ ఆ పూటే జవాబు బొమ్మ గీసి నెట్‌లో పడేశాను. అప్పట్నుంచీ వాడు దాన్ని గోతిలోకి తోస్తాడు, నేను బయటికి లాగుతాను. పిల్లలు మా ఇద్దరి కోసమూ ఎదురుచూస్తున్నారట!"

"అయినా సార్, చట్టప్రకారం..."

"వాణ్ని పట్టుకుంటే మానేస్తాడు. వాడు మానేస్తే నేను మళ్లీ మంచమెక్కుతాను." పెద్దాయన ఫోను దగ్గరికి లాక్కున్నాడు. "వాడి మేలు మరిచిపోలేను బాబూ. ఎంత ఘోరంగా గీసినా, తోక చివరి చుక్క ఎంత ముద్దుగా పెట్టాడో చూడు!"

లాయరు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

"సంతకం పెట్టేస్తే పీడ విరగడయ్యేది కదండీ," అంది భార్య, కప్పులు తీస్తూ. మొహం మాత్రం అటు తిప్పుకుంది.

పెద్దాయన నవ్వుతూ సిరాబుడ్డి మూత తీశాడు.

"ఏమోయ్, ఈసారి కోరలు ఇంకాస్త పొడుగ్గా వెయ్యి."