ఆమె పాడును, అతడు వాయించును

“వయొలిన్ పాడరమ్మా, వాయిస్తారు. సింగ్ కాదు, ప్లే,” అంటూ టీచరు ఆ మాటని ఎర్రసిరాతో కొట్టేసింది.

గాయని నాలుక కరుచుకుంది. సాయంత్రాలు హోటల్లో పాటలు పాడే ఆమె, నెలరోజులుగా ఈ ఇంగ్లీషు క్లాసుకి వస్తోంది. విహారనౌకలో ఉద్యోగానికి ఉత్తరం రాయాలి. తనకీ, తనకి కాబోయే భర్తకీ.

“మరి పెర్ఫార్మ్ అంటే?”

“గొంతుతో అయితే సింగ్. వాద్యంతో అయితే ప్లే. జనం ముందు ఏది చేసినా పెర్ఫార్మ్. మీరు పాడతారు, ఆయన వాయిస్తారు, ఇద్దరూ కలిసి పెర్ఫార్మ్ చేస్తారు. సరేనా?”

“ఇద్దరూ కలిసి,” అని నవ్వింది గాయని. అంతలోనే ముఖం వాడిపోయింది. “ఆయన మళ్ళీ వయొలిన్ ముట్టుకుంటారనుకోలేదు టీచర్. కట్టుకున్నదే వెన్నుపోటు పొడిచింది.”

“అయ్యో, ఏం చేసింది?”

“మొదటి కచేరీకి బయల్దేరుతుంటే వయొలిన్ని నేలకేసి కొట్టిందట. పిల్లి ఏడుపు అందట. మర్నాడే ఇంకొకడితో వెళ్ళిపోయిందట. పదేళ్ళు నమ్మిన మనిషి! నా ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చారు.”

టీచరు ఎర్రసిరా పెన్నుని బల్లకేసి కొట్టింది. తనింట్లోనూ సంగీతముంది; పొద్దున్నే సాధన వినపడకపోతే ఆమెకి పని సాగదు.

“మనిషేనా అది? ఎదురుపడితే నేనే నాలుగు వాయిస్తాను!”

“అదీ ప్లేనేనా టీచర్?”

“కాదు, బీట్!”

ఇద్దరూ పకపకా నవ్వారు.

టీచరు తనే తెల్లకాగితం తీసి, పేర్లకి ఖాళీ వదిలి, ఉత్తరమంతా పొందిగ్గా రాసిచ్చింది. ‘నమ్మదగిన జంట’ అని తనవైపు నుంచి ఒక ముక్క కూడా చేర్చింది.

“ఎక్కడ నేర్చుకుంటున్నానో ఆయనకి చెప్పలేదు. ఉత్తరం చూపించి ఆశ్చర్యపరచాలని,” అంది గాయని. “ఉద్యోగం రాగానే పెళ్ళి. మీ మేలు మర్చిపోను టీచర్. ఫొటోలు ఎక్కడ అంటించాలి?”

“పైన. ఇలా ఇవ్వండి.”

గాయని పర్సులోంచి రెండు ఫొటోలు తీసింది. మొదటిది ఆమెదే. టీచరు జిగురు రాసి, వంకర లేకుండా అంటించింది. రెండోది చేతిలోకి తీసుకుని, జిగురు సీసాకి మూత పెట్టేసింది.

“చక్కగా లేరూ?” అంది గాయని సిగ్గుపడుతూ.

ఫొటోలో ఉన్నది టీచరు భర్త.