మసి మొహం

"గుర్తించలేదు. మళ్ళీ ప్రయత్నించండి," అంది గేటు దగ్గరి హాజరు మిషను.

బాయిలర్ మామ గడ్డం పైకెత్తాడు, కిందికి దించాడు. మిషనుది మళ్ళీ అదే పాట. వెనక లైనులో నవ్వులు.

"తొందరగా తేల్చు మామా! పెళ్ళిచూపులా ఏమన్నా?"

సూపర్‌వైజరు తల పట్టుకున్నాడు. "ఈ మిషనుకి ఫొటో తీసే రోజున మొహం కడుక్కుని రమ్మంటే విన్నావా? బొగ్గు మసితో, తలగుడ్డతో నిలబడ్డావు. ఇప్పుడేమో బొగ్గు పోయి బటన్ల బాయిలర్ వచ్చింది. ఇంక మసెక్కడిది? రా, ఇంకో ఫొటో తీస్తా."

"వద్దు. ఇన్నేళ్ళూ మంట ముందు నిలబడ్డది ఆ మొహమే. ఈ కడిగిన మొహం ఎవడిదో నాకే తెలీదు."

"ఇవాళ్టికి హాజరు చేత్తో రాసుకుంటా. రేపు కూడా మిషను నిన్ను గుర్తుపట్టకపోతే బాయిలర్ నుంచి తీసి గోడౌన్‌కి తోసేస్తారు మామా. మేనేజరు మాట. నా చేతుల్లో లేదు."

మామ మిషను పక్కనుంచి లోపలికి నడిచాడు. వెళ్ళి బటన్ల ముందు స్టూలు మీద కూర్చున్నాడు. పార పట్టిన చేతులు పనిలేక సాయంత్రం దాకా ఒకదాన్నొకటి రుద్దుకుంటూనే ఉన్నాయి.

ఇంటికొచ్చి మంచం మీద వాలిపోయాడు. ఒళ్ళు కాలిపోతోంది.

"ఒక్క ఫొటోకి ఇంత పంతమా? నేను కట్టుకున్నది నిన్నా, నీ మసినా?" అంది భార్య, నుదుట తడిగుడ్డ వేస్తూ.

"పార గుంజుకున్నారు. మొహం కూడా ఇచ్చెయ్యమంటావటే?"

"రేపు వెళ్ళకపోతే ఆ బాయిలర్ కూడా పోతుంది."

"పోనీ. అలిసిపోయానే," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పొద్దున గేటు దగ్గర లైనంతా ఒక్కసారిగా తలలు తిప్పి చూసింది. నల్లటి మొహం, కనుబొమల దాకా దించిన తలగుడ్డ, వదులు చొక్కా. అలా వెళ్ళి నిలబడగానే మిషనులో పచ్చదీపం వెలిగింది.

"స్వాగతం, బాయిలర్ ఆపరేటర్."

వెనక ఈలలు, చప్పట్లు. సూపర్‌వైజరు ఆ పచ్చదీపం మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "హమ్మయ్య! నీ మొండితనానికో దండం మామా. పో, లోపలికి పో."

ఆ మనిషి కదల్లేదు.

"మీ మామ జ్వరంతో లేవలేదు నాయనా," అంటూ అత్త తలగుడ్డ విప్పి, కాటుక చేతులు దానికే తుడుచుకుంది. "నొక్కాల్సిన బటనేదో చూపించు."