పసుపు రిబ్బను

“దీనికంటే పెద్ద ఇంజను దొరకదా?” అన్నారు డ్రైవింగ్ స్కూలు మాస్టారు, షెడ్డులో బానెట్ ఎత్తి ఉన్న తన జీపు చుట్టూ తిరుగుతూ.

మెకానిక్ చేతులు తుడుచుకున్నాడు. ఇప్పుడున్నదే చాలా పెద్దదనీ, దానికి టర్బో కూడా తగిలించామనీ, ముందువైపు బరువెక్కువై బండి ముక్కు బురదలో దిగబడుతోందనీ నచ్చజెప్పబోయాడు. మాస్టారు వింటేగా. ఆయన చూపంతా జీపు అద్దానికి వేలాడుతున్న పసుపు రిబ్బను మీదే ఉంది.

జీపుల క్లబ్బువాళ్ళు పెట్టుకున్న రూలు అది. ఆదివారం పూట ఊరి బయట బురద మైదానంలో అందరూ సరదాకి బళ్ళు తోలతారు. ఇరుక్కున్న బండిని ఎవరు తాడేసి లాగితే వాళ్ళ రంగు రిబ్బను ఆ బండి అద్దానికి కట్టుకోవాలి. మళ్ళీ తాను ఇంకో బండిని లాగేదాకా విప్పకూడదు. వానలు మొదలైనప్పటి నుంచీ మాస్టారి అద్దానికి పసుపు రిబ్బనే. అదే జీపులో రోజూ స్కూలుకి రావాలి. దాన్ని చూసి శిష్యులు మూతులు బిగించి నవ్వు ఆపుకుంటుంటే ఆయనకు ఒళ్ళు మండిపోయేది. ఊళ్ళో సగం మందికి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పిన మనిషిని చెత్తబండిని లాగినట్టు లాగిపారేయడమా? ఇదెక్కడి అన్యాయం?

పోనీ ఆ లాగేవాడు ఎదురుపడి ఒక్క మాటంటే సమాధానమైనా చెప్పొచ్చు. అదీ లేదు. పసుపు జీపు వస్తుంది. నెత్తిన హెల్మెట్, కళ్ళకు పెద్ద అద్దాలు, ఒళ్ళంతా బురద. తాడు తగిలించడం, లాగడం, రిబ్బను చేతిలో పెట్టి మాస్టారి బానెట్ మీద ఓసారి తట్టి వెళ్ళిపోవడం. ఆ తట్టడం ఒకటి మరీ కడుపు రగిలించేది.

ఇంట్లోనైనా ఓదార్పు దొరుకుతుందా అంటే అదీ లేదు. భార్య ఆ రిబ్బనుకు అంటిన బురద ఉతికి, ఆరేసి, మళ్ళీ శుభ్రంగా ముడేసింది. రూలంటే రూలే కదండీ అంది. ఆవిడకేం తెలుసు బళ్ళ సంగతి. పెళ్ళైన కొత్తలో ఒక పూట నేర్పబోయి, క్లచ్ నెమ్మదిగా వదలమంటే అర్థం కాదా నీకు అని నడిరోడ్డు మీద అరిచి, దింపేశారు మాస్టారు. ఇంట్లో మళ్ళీ ఆ ఊసు లేదు. ఆదివారాలు ఆయన మైదానానికి, ఆవిడ అక్కగారింటికి. సాయంత్రం ఆయన ఉసూరుమంటూ ఇల్లు చేరేసరికి ఆవిడ తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటూ ఉండేది.

“నిజం చెప్పు. వాడి బండికి ఏ ఇంజను పెట్టావు?” అని నిలదీశారు మాస్టారు.

“చిన్నదేనండి.”

“ఎంత చిన్నది?”

“మీరు పనికిరాదని తీసేసినదే.”

మాస్టారు పక్కనున్న టైరు మీద కూలబడ్డారు. ఆ పాత ఇంజను పెరట్లో పడి ఉంటే అడ్డంగా ఉందని భార్య పోరుపెట్టింది. చివరికి ఒకరోజు, వదిలించేశానంది. మంచి పని చేశావని ఆయనే మెచ్చుకున్నారు. ఏ పాతసామాన్లవాడో దాన్ని తీసుకెళ్ళి వీడికి అమ్ముకున్నాడన్నమాట. నా ఇంజనుతో నన్నే లాగుతాడా?

“అసలు వాడికి బండి నేర్పిందెవరు?”

మెకానిక్ పానా తీసి, మళ్ళీ అక్కడే పెట్టాడు. “ముందు మీ దగ్గరే మొదలుపెట్టారటండి. పనికిరారని మీరే మానిపించారట.”

మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. మానిపించిన వాళ్ళందరినీ ఒక్కొక్కరినే గుర్తు తెచ్చుకున్నారు. గేరు మార్చమంటే వైపర్ వేసిన బ్యాంకు గుమాస్తా. బ్రేకు తొక్కమంటే కళ్ళు మూసుకున్న బట్టల షాపాయన. వీళ్ళలో ఎవడు? పేరు చెప్పమని మెకానిక్ చొక్కా పట్టుకున్నంత పని చేశారు. ఒట్టేయించుకున్నారండీ అని అతను తప్పుకున్నాడు. ఇంకో ఇంజను మాత్రం పెట్టననేశాడు. చివరికి టర్బో జోరు పెంచడం దగ్గర రాజీ కుదిరింది.

“ఆదివారం నేనే వాణ్ణి లాగుతాను. లేదంటే స్కూలు బోర్డు పీకేస్తాను,” అన్నారు మాస్టారు.

ఆదివారం శిష్యులందరినీ మైదానానికి రమ్మన్నారు. పరువు దక్కడమో, బోర్డు దిగడమో ఈ రోజుతో తేలిపోవాలి. బురద అంచున జీపు నిలిపి, ఇంజను గర్జిస్తుంటే పళ్ళు బిగించి క్లచ్ ఒక్కసారిగా వదిలేశారు. జీపు ఎగిరి ముందుకు దూకింది. చక్రాలు గిర్రున తిరిగి గుంట తవ్వాయి. ముక్కు బానెట్ దాకా బురదలో కూరుకుపోయింది. గట్టు మీద శిష్యులు ఎటో చూస్తూ నిలబడ్డారు.

అదే బురద మీదుగా పసుపు జీపు తాపీగా వచ్చింది. ఈసారి మాస్టారు ఊరుకోలేదు. మోకాళ్ళలోతు బురదలో దిగి, దానికి అడ్డంగా నిలబడ్డారు.

“ఆ హెల్మెట్ తియ్. నా ఇంజను తీసుకుని, నా దగ్గర నేర్చుకుని, నన్నే నలుగురిలో నవ్వులపాలు చేస్తావా? ఎవడ్రా నువ్వు?”

తాడు కొక్కెం ఆయన జీపుకు తగులుకుంది. బానెట్ మీద చెయ్యి ఓసారి తట్టింది. తర్వాత ఆ చెయ్యే కళ్ళద్దాలను పైకి జరిపింది.

“ఏవండీ, క్లచ్ నెమ్మదిగా వదలండి.”