సగం గీసిన వంకాయ

"ఏవండీ, నా వంకాయ ఏది?" అని హైమవతి నిలదీసింది.

పట్టాభి నసిగాడు. "బల్లమీద కనపడితే వంటయంత్రం లాగేసుకుంది. ఈపాటికి గుత్తివంకాయ అయిపోయుంటుంది. గోడనడిగితే క్షణంలో వంద వంకాయ బొమ్మలు వేస్తుంది, దానికింత గొడవేంటే!"

నిజమే, ఇప్పుడు ఏ ఇంట్లోనైనా అడిగిన బొమ్మ గోడే వేసిపెడుతుంది. పెన్సిలు పట్టేవాళ్లే లేరు. హైమవతి మాత్రం రోజూ కాఫీ తాగాక ఒక కూరగాయను ఎదురుగా పెట్టుకుని గీస్తుంది. ఆ కాసేపూ లేకపోతే ఆమెకు తెల్లవారినట్టే ఉండదు. ఇవాళ బొమ్మ సగంలో ఉండగానే వంకాయ మాయమైంది.

"మిగతా సగం నేను పూర్తిచెయ్యనా అమ్మా?" అంది గోడ మర్యాదగా.

"వద్దు. తొడిమ కింద నీడ నాకే ఇంకా అంతుపట్టలేదు."

"ఇంకోటి తెప్పిస్తాలే," అన్నాడు పట్టాభి.

"అది ఇంకో వంకాయవుతుంది."

మధ్యాహ్నం ఆ వంకాయే నూనె తేలుతూ కంచంలోకి వచ్చింది. హైమవతి తొడిమ పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. తొడిమ రేకు ఒకదాని అంచు కాస్త పైకి లేచి ఉంది. నీడ అక్కణ్ణుంచే! కోపమంతా దిగిపోయింది.

"రేపట్నుంచి నా బొమ్మ అయ్యాకే ఈ ఇంట్లో కూర," అంది అన్నం కలుపుకుంటూ.

"మరి గుమ్మడికాయ గీసే రోజు?"

"ఆ రోజు ఆవకాయే."