ఇరవై కిలోల గీత

“ఎంత ఉంటుందయ్యా?” అడిగారు ప్లీడరు సత్యప్రసాద్.

“పద్దెనిమిది కిలోలండి. గోనె బరువు తీసేసే చెబుతున్నాను,” అన్నాడు అమ్మిరాజు.

“చేత్తో ఎత్తి చూశావా?”

“కాటాకే తగిలించానండి. మా ఐసు షెడ్డులో చేపలు తూసే కాటా ఉంది కదండి.”

ప్లీడరు నవ్వారు. “గంజాయిని తూకం వేసుకుని మరీ వచ్చిన పార్టీని నిన్నే చూడ్డం.”

అమ్మిరాజు నవ్వలేదు. భార్య లోవమ్మ పోయిన ఈ మూడేళ్ళలో అతను నవ్వగా పట్టిసీమ రేవులో ఎవరూ చూడలేదు. పొద్దున్నే బస్సెక్కి రాజమండ్రి వచ్చి, వరండాలో బల్ల మీద రెండు గంటలు కూర్చుంటే ఇప్పటికి లోపలికి పిలిచారు.

“మీ జీవరాజుదేనా?”

“ఆడిదేనండి. ధనియాల మూట, ముట్టుకోకు నాన్నా అని షెడ్డులో పెట్టి వెళ్ళాడు. రేపు మొదటి లాంచీకి వచ్చి పట్టుకుపోతాడు. సరిగ్గా ఆ టైముకే ఎక్సైజు వాళ్ళొస్తారండి.”

“వాళ్ళకెవడు చేరేశాడు?”

“ఎస్టీడీ బూతు నుంచి ఎవరో ఫోన్ చేశారండి.”

“కొడుకు మీద ఊళ్ళో బాగానే కన్నుందన్నమాట.” సత్యప్రసాద్ పుస్తకం తెరిచి, అవసరం లేదన్నట్టు మళ్ళీ మూసేశారు. “విను. రెండేళ్ళ కిందట చట్టం మార్చారు. ఇప్పుడంతా బరువును బట్టే. కిలో లోపైతే ఆరు నెలలు దాటదు. కిలో దాటి ఇరవై దాకా అయితే పదేళ్ళ వరకూ వెయ్యొచ్చు గానీ, ఎంతన్నది జడ్జిగారి ఇష్టం. కుర్రాడు, మొదటి తప్పు అని చెప్పుకుంటాం. రెండేళ్ళతో బయటపడొచ్చు. బెయిలూ అడగొచ్చు.”

“ఇరవై దాటితేనండి?”

“దాటితే పదేళ్ళకి ఒక్కరోజు తగ్గించే అధికారం జడ్జిగారికే లేదు. ఇరవయ్యేళ్ళ దాకా పోవచ్చు. పైన లక్ష జరిమానా. బెయిలు మాట మర్చిపోవాలి.”

అమ్మిరాజు పెదవులు కదిలాయి. “పదేళ్ళు. ఆడికిప్పుడు ఇరవయ్యారండి.”

“కంగారుపడకు. రెండు కిలోల తేడాతో బతికిపోయాడు.”

అమ్మిరాజు తుండుగుడ్డతో మెడ తుడుచుకున్నాడు. “మరి లోవమ్మ బుట్టలో దొరికింది రెండు కిలోలే కదండి.”

ప్లీడరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆ కేసూ ఆయనే చూశారు. లోవమ్మ చేపల బుట్టతో బస్సెక్కుతుంటే తనిఖీ చేశారు. చేపల కింద పొట్లం దొరికింది.

“అది పాత చట్టం అమ్మిరాజూ. అప్పట్లో రెండు కిలోలకీ బెయిలు కష్టమే. నాలుగు నెలలు నేను తిరగని తిరుగుడు లేదు.”

నాలుగో నెలలో బెయిలు రాలేదు. జైలు నుంచి కబురొచ్చింది.

“పొట్లం ఎవరు పెట్టారో ఆవిడ ఒక్క మాట చెప్పి ఉంటే...”

“చెప్పలేదండి. పెట్టినోడూ చెప్పలేదు.” అమ్మిరాజు గోడకేసి చూస్తున్నాడు. “కోర్టులో ఆ పొట్లం నేనూ చూశానండి. నైలాను దారంతో వలముడి వేసి ఉంది.”

“పోయినావిడ పోయింది. ఉన్నవాణ్ణి చూసుకో.”

“అందుకే వచ్చానండి.” తుండుగుడ్డ మడిచి భుజాన వేసుకున్నాడు. “ఐసు షెడ్డు కదండి, సరుక్కి చెమ్మ ఎక్కుతుంది. అప్పుడు తూకం ఎలాగండి?”

“ఎక్కనివ్వకు. వాళ్ళు ఉన్నదున్నట్టు అక్కడే తూచి పంచనామా రాసేస్తారు. ఆరబెట్టి తూసే ఓపిక ఎవరికుంది?”

“చేపలైతే నీళ్ళు కారిపోయిందాకా ఆగి తూస్తామండి మేం.”

“వాళ్ళు నీలాంటి బేరగాళ్ళు కాదుగా!”

అమ్మిరాజు లేచాడు. ప్లీడరు గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించారు. “చూడు, సరుకు మాయం చేసినా నేరమే. నేను చెప్పానని ఎక్కడా అనకు. మీ షెడ్డు వెనకే గోదారి కదూ?”

“ఆ, వెనకేనండి,” అన్నాడు అమ్మిరాజు.

ఇల్లు చేరేసరికి ఎండ ఇసక తిప్పల మీదికి వాలింది. కాళ్ళు కూడా కడుక్కోకుండా షెడ్డు తలుపు తీశాడు. గోనె మూలనే ఉంది. మూతికి నైలాను దారం, దానికి వలముడి. జీవరాజుకి పదో ఏట ఆ ముడి నేర్పింది తనే.

గోనెను భుజాన వేసుకుని రేవులోకి దిగాడు. లోవమ్మ బట్టలుతికే రాయి దాటి, మొలలోతు నీళ్ళలో నిలబడి వదిలాడు. అది మునగలేదు. రెండు చేతులతో అదిమి పట్టాడు. బుడగలొచ్చాయి. బుడగలు పూర్తిగా ఆగిపోయేదాకా చేతులు తియ్యలేదు.

తిరిగి షెడ్డుకి మోసుకొచ్చి, నీళ్ళన్నీ కారిపోయాక మళ్ళీ కాటాకి తగిలిస్తే ఇరవై ఏడు తూగింది.