రెండో హారను

"మహాజనులారా!" అన్నాడు శేషన్న మైకులో. మోటారుసైకిలు ముందు కట్టిన గరాటులాంటి హారను ఆ మాటను గరగరా నమిలి ఉమ్మేసింది.

ఎమ్మిగనూరు పొలిమేరలో, ఏసమ్మ టీ బంకు ముందు, ఎన్నిసార్లు పిలిచినా అదే తీరు.

భార్య పోయాక ఆదోనిలో శేషన్నకు మిగిలింది ఒక్క ఎకరం. దాన్నీ అమ్మి బండీ, బ్యాటరీ, దొరికినంతలో పెద్ద ఆంప్లిఫయరూ కొన్నాడు.

సాయంత్రం సినిమా హాలు మేనేజరు శ్రీపాదరావు పరీక్ష పెడతాడు. మగ్గాల చప్పుడును దాటి మాట వినిపిస్తేనే ప్రచారం పని.

శేషన్న శబ్దం ఇంకాస్త పెంచబోయాడు.

"ఆపప్పా! ఇంగ తిప్పితే కాలిపోతాది."

బంకు పక్కన గోనెసంచి ముందు పెట్టుకొని కూర్చున్న నడివయసు మనిషి.

"నీకేం తెల్సు? ఇది నలభై వాట్లది."

"ఆంప్లిఫయరు నలభై. హారను ఇరవై. రెండెడ్ల బండికి ఒక్క ఎద్దును కట్టినావు."

"నీవు ఎద్దుల బేరగానివా, మైకుసెట్టోనివా?"

ఆ మనిషి నవ్వాడు.

"ఈ పని దొరక్కుంటే ఏం చేస్తావన్నా?"

"ఏముంది? ఇంటికి పోతా. పోయినా తలుపు తీసేదానికి ఎవరూ ల్యారు."

ఆ మనిషి కాసేపు రోడ్డు వైపు చూశాడు. తర్వాత సంచి విప్పి పాత హారను ఒకటి బయటికి తీశాడు.

"ఇదీ ఇరవైదే. రెండూ కట్టు. మోత చెరిసగం పంచుకుంటాయి."

"యాడ కొట్టుకొచ్చినావు?"

"నాదేలే."

"నీకియ్యనీకి నా తాన ఏమీ ల్యాదు."

"అడిగితినా?"

అతడే తీగలు ఒలిచి, ఒక హారను ముందుకూ ఒకటి వెనక్కూ బిగించాడు. రెండింటికీ తగినట్టు ఆంప్లిఫయరు వెనక తీగ తగిలించే చోటూ మార్చాడు.

"ఇప్పుడు మాట్లాడు. అరవాకు."

ఈసారి మాట చెక్కుచెదరకుండా చేలు దాటి పోయింది.

"నేతగేరిలో సందు మొగదల బండి నిలిపి సెప్పు. మగ్గం ఆపి వింటారు."

పొద్దు వాలుతోంది. పేరైనా అడగకుండానే శేషన్న బండి ఎక్కాడు.

సందు మొగదల నిలిపి చెప్పాడు. మగ్గాలు ఆగాయి.

"రేపట్నుంచి నీదే పని," అన్నాడు శ్రీపాదరావు.

ఆ సంతోషం ఎవరితో చెప్పుకోవాలి? ఆ ఊళ్లో శేషన్నకు తెలిసిన మనిషి ఒక్కడే. మిఠాయి పొట్లం కట్టించుకొని బంకుకు తిరిగి వచ్చాడు.

బంకు పక్క చోటు ఖాళీగా ఉంది.

"ఈడ కూసోనున్న ఆయన యాడమ్మా?"

"ఇశ్రాయేలా? కోసిగి కూలోళ్ల లారీ వస్తే ఎక్కి పోయినాడు. బొంబాయికి, మట్టిపనికి."

"మట్టిపనికా? అంత మైకు పని తెలిసినోడు!"

ఏసమ్మ గ్లాసులు కడుగుతూ తల ఎత్తలేదు.

"ఇన్నేండ్లూ జట్కాలో మైకు పెట్టుకోని ఆ సినిమా హాలుకు సాటింది ఆయప్పే కదన్నా! ఈ పొద్దు నీ మైకు పలక్కపోయింటే, పని ఆయప్పకే ఉంచుతామనినారంట."